‘చాలు’ ఎక్కడ, ‘ఇంకా’ ఎక్కడ: ఎదుగుతూనే తృప్తిగా ఉండేందుకు సమగ్ర మార్గదర్శి

నాలుగేళ్లు ఎదురుచూసిన పదోన్నతి ఉత్తర్వు చేతికి వచ్చిన రోజు ఇంటికి చేరేసరికి రాత్రి ఏడు దాటింది. ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకున్నాను, దగ్గరివాళ్లకు ఫోన్ చేసి చెప్పాను, పడుకునే ముందు మూడోసారి చదివాను. మూడో రోజు పొద్దున్న పళ్లు తోముకుంటూ, ఇంతసేపూ మనసులో ఏదో లెక్క నడుస్తోందే అని గమనిస్తే, అది నా పై అధికారి పదవీ విరమణకు ఇంకా ఎన్నేళ్లుందన్న లెక్క. నాలుగేళ్ల నిరీక్షణకు దక్కిన సంతోషానికి ఆయుష్షు రెండు రాత్రులు.

ఇలాంటి అనుభవం చెప్పుకుంటే సాధారణంగా రెండు సలహాలు వినిపిస్తాయి. ఆశ తగ్గించుకొని ఉన్నదానితో సరిపెట్టుకోమన్నది మొదటిది. ముందు కష్టపడి పైకి రమ్మని, తృప్తి సంగతి తరువాత చూసుకోవచ్చని రెండోది. మొదటి సలహా పాటించినవారిలో నేను చూసినవారు తృప్తి పొందలేదు, ఊరికే చల్లబడ్డారు. రెండోది పాటించినవారు ఆ ‘తరువాత’ కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. ఆశయం, తృప్తి ఒకే త్రాసులోని రెండు తట్టలని, ఒకటి లేస్తే మరొకటి దిగక తప్పదని అనుకోవడమే ఈ రెండు సలహాలలోనూ ఉన్న పొరపాటు. నా దృష్టిలో ‘ఇంకా’ అనే మాట మనం చేసే పనికి చెందాలి, ‘చాలు’ అనే మాట ఆ పని వల్ల మనకు దక్కేదానికి చెందాలి. ఈ రెండూ చోట్లు మార్చుకొని, పని దగ్గర ‘చాలు’, దక్కేదాని దగ్గర ‘ఇంకా’ వచ్చి కూర్చున్నప్పుడు మనిషికి ఎదుగుదలా ఉండదు, నెమ్మదీ ఉండదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాటేమీ కాదు. పతంజలి యోగసూత్రాలలో చెప్పిన ఐదు నియమాల వరుస ఇది: శౌచం, సంతోషం, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వరప్రణిధానం. అక్కడ సంతోషమంటే ఉన్నదానితో తృప్తి అని అర్థం. దాని వెంటనే, ఏ సంజాయిషీ లేకుండా, తపస్సు వస్తుంది. ఒకే సాధకుడు ఒకే కాలంలో రెండూ పాటించాలి. తృప్తిపడితే సాధన మందగిస్తుందేమోనన్న భయం ఆ వరుస కూర్చినవారికి ఉన్నట్టు కనిపించదు.

ఇక్కడ చెప్పబోయే పద్ధతికి ఒక నోటుపుస్తకం, రోజుకు పది నిమిషాలు, వారానికి ఒక అరగంట ఉంటే సరిపోతుంది. మొదటి రెండు మెట్లకు మాత్రం ఒక సెలవురోజున సగం పూట కేటాయించండి. అవి పూర్తికాకుండా తక్కినవి మొదలుపెడితే పునాది లేని గోడలా ఎన్నాళ్లో నిలవవు.

మొదటి మెట్టు: ఆశయాన్ని పోగులు పోగులుగా విడదీయడం

మీకున్న ముఖ్యమైన ఆశయాన్ని ఒక పేజీ పైభాగంలో ఒకే వాక్యంగా రాయండి. దాని కింద ‘దేనికి?’ అని ప్రశ్న వేసుకొని జవాబు రాయండి. ఆ జవాబుకు మళ్లీ అదే ప్రశ్న వేయండి. ఇలా నాలుగైదు సార్లు దిగేసరికి చెప్పడానికి కాస్త మొహమాటంగా ఉండే జవాబు ఒకటి బయటపడుతుంది. అది వచ్చేదాకా ఆపవద్దు.

నా పేజీ ఇలా సాగింది. ‘రెండేళ్లలో విభాగాధిపతిని కావాలి.’ దేనికి? ‘పనులు ఎలా జరగాలో నిర్ణయించే అధికారం వస్తుంది.’ దేనికి? ‘ఇప్పుడు జరుగుతున్న పద్ధతిలో సగం శ్రమ వృథా అవుతోంది, దాన్ని సరిచేయగలను.’ ఇక్కడిదాకా కలం సాఫీగా నడిచింది. సరిచేయడానికి ఆ పదవే దేనికి? ‘జీతం పెరిగితే అప్పు తొందరగా తీరుతుంది.’ ఇంకా? చాలాసేపు ఆగి రాసిన చివరి జవాబు: ‘నాతోపాటు చేరినవాళ్లు నన్ను దాటిపోయారు. వాళ్లు ఎదురుపడినప్పుడు తల దించుకోవలసిన అవసరం లేకుండా పోతుంది.’

ఒక్క ఆశయంలో ఇక్కడ మూడు పోగులు కనిపిస్తున్నాయి: పని మీది ఇష్టం, భద్రత, మెప్పు. ఎవరి ఆశయాన్ని విప్పినా దాదాపు ఈ మూడే వేర్వేరు పాళ్లలో కనిపిస్తాయి. వీటిని విడదీయవలసిన కారణం ఏమిటంటే, మూడింటి స్వభావం ఒకటి కాదు. భద్రతకు ఒక అంకె ఉంటుంది, ఆ అంకె చేరితే అది తీరుతుంది. పని మీది ఇష్టానికి అంతు లేకపోయినా ఆ అంతులేనితనం బాధించదు, ఎందుకంటే దాని ప్రతిఫలం ఏ రోజుకారోజు పనిలోనే దొరుకుతుంది. మెప్పుకు మాత్రం అడుగు లేదు. ఎంత పోసినా నిండని పాత్ర అది, పైగా దాని మూత ఎదుటివాడి చేతిలో ఉంటుంది. మెప్పు కోరుకోవడం తప్పని నేననను, అది లేని మనిషిని నేను చూడలేదు. కానీ మీ ఆశయంలో దాని పాలు ఎంతో మీకు తెలిసి ఉండాలి. ప్రతి పోగు పక్కనా నూటికి ఇంత అని ఒక అంకె వేయండి. అంచనాయే కాబట్టి తప్పినా నష్టం లేదు.

రెండో మెట్టు: ‘చాలు’ అనే గీతను అక్కడికి చేరకముందే గీయడం

ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడదాం.

గీతను ముందే ఎందుకు గీయాలి? చేరిన తరువాత గీయడం మన వల్ల కాదు కాబట్టి. ఫిలిప్ బ్రిక్‌మన్, డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1971లో ఈ స్వభావాన్ని ట్రెడ్‌మిల్ మీది నడకతో పోల్చారు: ఎంత వేగంగా నడిచినా మనిషి ఉన్నచోటే ఉంటాడు, ఎందుకంటే కొత్తగా దక్కింది కొద్దికాలంలోనే మామూలైపోయి, అక్కడినుంచే తరువాతి కొలత మొదలవుతుంది. 1978లో బ్రిక్‌మన్ తన సహచరులతో కలిసి 22 మంది లాటరీ విజేతలను మామూలు మనుషులతో పోల్చి చూస్తే, విజేతలు చెప్పుకోదగినంత ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. పైగా రోజువారీ చిన్న చిన్న విషయాలలో వారికి దొరికే ఆనందం తగ్గింది. ఈ అధ్యయనాన్ని చూపించి ‘డబ్బుతో ఏమీ రాదు’ అని తేల్చేసే ఉపన్యాసాలు చాలా విన్నాను, అది తొందరపాటు. 22 మంది చాలా చిన్న సంఖ్య. తరువాత స్వీడన్‌లో చాలా పెద్ద సంఖ్యలో లాటరీ విజేతలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్ద మొత్తాలు గెలిచినవారికి తమ జీవితం మీద తృప్తి పెరిగిందని, అది పదేళ్లు దాటినా నిలిచిందని తేలింది. అయితే రోజువారీ ఆనందం మీద ఆ ప్రభావం అంతకన్నా బాగా తక్కువ. అంటే డబ్బు, హోదా ఎందుకూ పనికిరానివి కావు. వాటి నుంచి మనం ఆశించేది, అవి ఇవ్వగలిగేది ఒకటి కాదు, అంతే.

గీత గీయడం ఇలా. భద్రత అనే పోగును తీసుకోండి. నెలకు ఎంత ఆదాయం, ఎన్ని నెలల ఖర్చుకు సరిపడే నిల్వ, ఎంత సొంత స్థలం ఉంటే మీ కుటుంబం భయం లేకుండా బతుకుతుందో అంకెలలో రాయండి. ‘బాగా ఉండాలి’, ‘లోటు లేకుండా’ వంటి మాటలు కుదరవు, ఎందుకంటే వాటికి మీతోపాటు నడిచే గుణం ఉంది. కుటుంబంలో ఇంకొకరిని కూర్చోబెట్టుకొని వారి అంకె విడిగా రాయించండి. రెండూ ఒకటిగా రావడం అరుదు, ఆ తేడా మీద జరిగే మాటలే ఈ మెట్టులో సగం లాభం. తరువాత హోదాకు ఒక గీత: ఏ స్థాయి దాటిన తరువాత వచ్చే బాధ్యత మీకు ఇష్టమైన పనిని మీ చేతినుంచి లాక్కుంటుంది? చివరగా కాలానికి ఒక గీత: వారానికి ఎన్ని గంటలు దాటి పని చేయరు?

ఈ కాగితం కింద తేదీ వేసి, ఒక షరతు రాయండి: గీతను మార్చాలనిపిస్తే, అనిపించిన రోజు నుంచి 90 రోజులు ఆగిన తరువాతే మారుస్తాను. జీవితం మారుతుంది, బిడ్డ పుడుతుంది, పెద్దవారికి జబ్బు చేస్తుంది, అప్పుడు గీత మారడం న్యాయమే. కానీ గీత చేరిన ఉత్సాహంలోనో, పక్కవాడి ఇల్లు చూసి వచ్చిన సాయంత్రమో మార్చే గీత గీత కాదు. నిజమైన అవసరం 90 రోజుల తరువాత కూడా ఉంటుంది, ఉబలాటం అన్నాళ్లు ఉండదు.

‘చాలు’ అనడం బద్ధకమనుకునేవారికి ఒక మాట. ఆర్థికశాస్త్రంలో 1978 నోబెల్ బహుమతి పొందిన హెర్బర్ట్ సైమన్, మనిషి ప్రతిసారీ అన్నిటికన్నా మేలైనదాన్ని వెతకలేడని, తగినంత మంచిది దొరికినచోట ఆగడమే ఆచరణలో తెలివైన పద్ధతి అని వాదించాడు. 2006లో షీనా అయ్యంగార్, ఆమె సహచరులు ఉద్యోగాలు వెతుక్కుంటున్న విద్యార్థులను గమనించారు. అన్నిటిలోకీ ఉత్తమమైనదే కావాలనే స్వభావం ఎక్కువగా ఉన్నవారికి దాదాపు 20 శాతం ఎక్కువ జీతం దొరికింది, ఆ దొరికిన ఉద్యోగం మీద తృప్తి మాత్రం వారికే తక్కువ. ఈ ఫలితాన్ని నిజాయతీగా చదివితే రెండు వైపులా చదవాలి: ఇంకా మేలైనదాన్ని వెతికితే జీతం పెరుగుతుంది, దాన్ని అనుభవించే గుణం తగ్గుతుంది. ఏది ఎంత కావాలో మీ గీత చెప్పాలి.

ఒక్క హెచ్చరిక: ఈ గీత పని నాణ్యతకు కాదు. ఒక వైద్యుడు తన ఆదాయానికి ‘చాలు’ అనుకోవచ్చు కానీ, రోగ నిర్ణయంలో తన నేర్పుకు అనుకోకూడదు.

మూడో మెట్టు: రెండు ఖాతాలు, మూడు వరుసలు

తరువాతి పేజీని నిలువుగా రెండుగా చీల్చండి. ఎడమవైపు నేను చేయగలిగినవి, కుడివైపు ఇతరులు నిర్ణయించేవి. పోటీపరీక్షకు చదివేవారికి గంటలు, పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు ఎడమవైపు వస్తాయి. ర్యాంకు, ఖాళీల సంఖ్య, ఆ ఏడాది ప్రశ్నపత్రం తీరు కుడివైపు. వ్యాపారికి సరుకు నాణ్యత, సమయానికి అందించడం ఎడమవైపు. గిరాకీ, పోటీదారు ధర కుడివైపు. కుడివైపు ఖాతాను పట్టించుకోవద్దని కాదు, నెలకొకసారి శ్రద్ధగా చూడండి, అవసరమైతే పద్ధతి మార్చండి. రోజు మంచిదో కాదో తేల్చేటప్పుడు మాత్రం ఎడమవైపే చూడాలి.

రోజూ రాత్రి మూడు వరుసలు రాయడంతో ఇది అలవాటుగా మారుతుంది. ఒకటి, ఈ రోజు పనిలో ముందుకు జరిగిన ఒక అడుగు. రెండు, అడ్డుపడినది. మూడు, రేపు మొట్టమొదట చేసే పని. మొదటి వరుస ఎలా రాస్తామన్నదే అసలు సంగతి. ‘ఈ రోజు బాగా పనిచేశాను’ అని రాస్తే వారం తరువాత చదివినప్పుడు అందులో ఏమీ మిగలదు. ‘నిన్న పుస్తకం చూసినా అర్థం కాని లెక్కను ఈ రోజు చూడకుండా చేశాను’ అన్నది వరుస. ‘ఫిర్యాదు చేయడానికి వచ్చిన కొనుగోలుదారుడి మాట మధ్యలో అందుకోకుండా చివరిదాకా విన్నాను’ అన్నదీ వరుసే. చిన్నదని సిగ్గుపడనక్కరలేదు, కంటికి కనిపించేదై ఉంటే చాలు.

తెరెసా అమాబిలే, ఆమె సహచరులు ఏడు సంస్థలలో 238 మంది ఉద్యోగులు రోజువారీగా రాసిన దాదాపు 12,000 డైరీ పుటలను పరిశీలించారు. పనిరోజున మనసు బాగుండటానికి అన్నిటికన్నా ఎక్కువగా తోడ్పడింది, తాము విలువైనదనుకునే పనిలో ఆ రోజు కాస్తయినా ముందుకు సాగడమే. బహుమతులు, పొగడ్తలు దాని తరువాతే. అడుగు వేసిన రోజులు మనకూ ఉంటాయి కానీ, రాసి పెట్టకపోతే పడుకునే వేళకు వాటి మీద మిగిలిపోయిన పని పేరుకుపోతుంది. కొన్ని రోజులు మొదటి వరుస ఖాళీగానే ఉంటుంది. ఖాళీగానే వదలండి. ఏదో ఒకటి కల్పించి నింపితే మిగిలిన వరుసల మీద కూడా నమ్మకం పోతుంది.

నాలుగో మెట్టు: పోలికను ఆపలేం, దారి మళ్లించగలం

1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో పతకాలు గెలిచిన క్రీడాకారుల ముఖాలను వీడియోలలో పరిశీలించి, విక్టోరియా మెడ్‌వెక్, స్కాట్ మేడీ, థామస్ గిలోవిచ్ 1995లో ఒక విచిత్రమైన విషయం ప్రకటించారు. రజతం గెలిచినవారికన్నా కాంస్యం గెలిచినవారు ఎక్కువ సంతోషంగా కనిపించారు. రజతం దక్కినవారికి తప్పిపోయిన స్వర్ణం కళ్లముందు ఆడుతుంది. కాంస్యం దక్కినవారికి కాస్తలో పతకమే తప్పిపోయేదన్న ఊహ ఆడుతుంది. చేతిలో ఉన్నదానికన్నా, దాన్ని దేని పక్కన పెట్టి చూస్తున్నామన్నదే ముఖంలో కనిపించింది.

ఇతరులతో పోల్చుకోవద్దనే సలహా ఊపిరి పీల్చవద్దనడం లాంటిది. దానికి బదులు ఇది చేయండి. మీరు తరచూ పోల్చుకునే ముగ్గురి పేర్లు రాయండి. ఒక్కొక్కరి పక్కనా మీకు కావాలనిపించేది ఒక్కటి, దానికి వారు చెల్లిస్తున్న మూల్యంలో మీకు తెలిసినంత మేర రాయండి: రాత్రి ప్రయాణాలు, ఆరోగ్యం, ఇంట్లో లేని సాయంత్రాలు. ఇప్పుడు వారి జీవితం మొత్తాన్ని, అంటే శరీరం, కుటుంబం, దిగుళ్లతో సహా, మీదానితో మార్చుకుంటారా? ఒక్క భాగాన్ని మాత్రమే విడిగా తీసుకునే వీలు లేదు. దూరపు కొండలు నునుపని మనందరికీ తెలిసిందే, కానీ ఆ కొండ మీది రాళ్లను కాగితం మీద లెక్కపెట్టినవారు తక్కువ. ఆ ముగ్గురిలో ఒకరి నైపుణ్యం నిజంగానే కావాలనిపిస్తే ఆ పేరును ఎడమ ఖాతాలోకి తెచ్చుకొని, వెళ్లి నేర్పమని అడగండి. అసూయకు ఇంతకన్నా మంచి ఉపయోగం నాకు తెలియదు.

ఐదో మెట్టు: పనికి తలుపు వేయడం

ఇది చిన్న మెట్టు. సగంలో ఆగిన పని మనసును వదలదు. అయితే దాన్ని పూర్తిచేస్తేనే వదులుతుందని కాదు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా పూర్తిచేయాలో నిర్దిష్టంగా రాసుకుంటే కూడా ఆ గుచ్చుకోవడం తగ్గుతుందని మాసికాంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో చూపించారు. కాబట్టి పని ముగించే ముందు పది నిమిషాలు, మిగిలిన ప్రతిదాని పక్కనా రోజు, గంట రాసి, పుస్తకం మూసి, దాన్ని పడకగదిలోకి తీసుకురాకండి. ఫోన్‌లో రాసుకునేవారికి ఈ చివరి భాగమే కష్టం. నేను కాగితానికి మారింది అందుకే.

ఆరో మెట్టు: అసంతృప్తి నిజం చెబుతున్నప్పుడు వినడం

తృప్తిని బోధించేవారిలో కొందరికి ఆ బోధ వల్ల సొంత లాభం ఉంటుంది. చేసిన పనికి తగిన జీతం ఇవ్వని యజమాని నోటినుంచి వచ్చే తృప్తి పాఠాన్ని అనుమానించవలసిందే. అసంతృప్తి అంతా జబ్బు కాదు. మీరు గీసుకున్న భద్రత గీతకు చాలా కింద ఉన్నప్పుడు, మీ పనికి మరొకరు పేరు పెట్టుకుంటున్నప్పుడు, మూడు నెలల మొదటి వరుసలలో గర్వంగా చదవగలిగింది ఒక్కటీ లేనప్పుడు మార్చవలసింది మనసును కాదు, పరిస్థితిని. జీతం పెంచమని అడగడం, చోటు మారడం, పనే మార్చుకోవడం అన్నీ ఇందులోకి వస్తాయి.

దీనికి వ్యతిరేకమైన సందర్భమూ ఉంది. పరిస్థితి బాగానే ఉండి, రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, ఇంతకుముందు ఇష్టమైనవేవీ పట్టకపోవడం, నిద్రా ఆకలీ చెడటం జరుగుతుంటే అది ఆశయాల లెక్క కాదు, కుంగుబాటు కావచ్చు. అలాంటప్పుడు నోటుపుస్తకం పక్కన పెట్టి వైద్యుణ్ణి కలవాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే రెండు వారాలు కూడా ఆగకూడదు.

ఏడో మెట్టు: గెలిచిన రోజుకు ముందే సిద్ధపడటం

ఓటమికి అందరం ఎంతోకొంత సిద్ధపడతాం, గెలుపుకు సిద్ధపడేవారు తక్కువ. ఏదైనా పెద్ద ఫలితం రావడానికి ముందు, ‘ఇది దక్కితే మూడు నెలల తరువాత నా సంతోషం పదికి ఎంత ఉంటుంది, దక్కకపోతే ఎంత ఉంటుంది’ అని రెండు అంకెలు ఒక కాగితం మీద రాసి కవరులో పెట్టండి. డేనియల్ గిల్బర్ట్ బృందం 1998లో విశ్వవిద్యాలయ అధ్యాపకుల మీద ఇలాంటిదే చేసింది. ఉద్యోగం శాశ్వతమైతే ఎంత ఆనందం, కాకపోతే ఎంత దుఃఖం అని అడిగినప్పుడు వారు ఊహించుకున్న తేడా, నిజంగా ఆ ఫలితాలు అందుకున్నవారిలో కనిపించలేదు. మీ సొంత కవరు మీకు ఈ సంగతిని ఏ పరిశోధనా నేర్పలేనంత బాగా నేర్పుతుంది.

గెలిచిన తరువాత ఏడు రోజులపాటు కొత్త లక్ష్యం పేరు పుస్తకంలో రాయకండి. ఆ ఏడు రోజులలో రెండు పనులు చేయండి. ఈ దారిలో సాయం చేసినవారికి, ఏ రోజు ఏ సాయం చేశారో చెప్పి మరీ కృతజ్ఞత తెలపండి. ‘మీ వల్లే’ అన్న పొడిమాట వారికీ గుర్తుండదు, మీకూ గుర్తుండదు. పాత మూడు వరుసల పేజీలను మొదటినుంచి ఒకసారి చదవండి. గెలుపు ఒక్క రోజుది కానీ, ఆ పేజీలలో వందల రోజులున్నాయి.

నేను మొదటిసారి పెట్టుకున్న కవరులో ‘వస్తే 9, రాకపోతే 3’ అని రాసి ఉంది. ఆ పని నాకు దక్కలేదు. మూడు నెలల తరువాత కవరు తెరిచి, ఆ రోజు నా సంతోషానికి నిజాయతీగా వేసుకున్న అంకె 6. అదే కవరును ఇప్పటికీ వాడుతున్నాను. పైన పాత పేరు కొట్టేసి కొత్తది రాశాను, లోపలి అంకెలు ఈసారి 7, 6.